మైనం పెట్టిన పన్ను

సోఫా విప్పిన ప్రతిసారీ ఆయన నోటినుంచి మొదట వచ్చే మాట ఒక్కటే. "ఛీ! ఛీ!" అందుకే ఆ వీధిలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఛీఛీ మేస్త్రి షాపెక్కడని అడిగితే మందుల షాపువాడూ చూపిస్తాడు, ఇస్త్రీ చేసేవాడూ చూపిస్తాడు. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు. "నవ్వనీండి. లోపలేముందో చూడనివాళ్ళే నవ్వుతారు," అనేవాడు.

చూసినవాళ్ళకు నవ్వు రాదన్నది నిజమే. సీటుకీ వీపుకీ మధ్య సందులో చెయ్యి పెడితే కొరికి ఊసిన గోళ్ళు, వెంట్రుకల ఉండలు, సగం చప్పరించి దాచిన బిళ్ళలు, ఆ బిళ్ళలకు అంటుకుపోయిన బొద్దింక కాళ్ళు. అడుగు గుడ్డ చింపితే ఎలుక గూడు. తల ఆనించే చోట స్పాంజి జిడ్డు తాగి, ఎండి, వేలితో నొక్కితే బూజుపట్టిన రొట్టెలా పొడిపొడిగా రాలుతుంది. సీటు కిందిపట్టెకు నమిలిన గమ్ము ముక్కలు వరసగా అతికించి ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో పంటిగాటు. పెద్దపెద్ద ఇళ్ళనుంచి వచ్చిన సోఫాలైతే మరీ ఘోరం. పైన ఎంత మెరుపుంటే లోపల అంత కంపు. మేస్త్రికి ముక్కు చాలా చురుకు. బండిలోంచి సోఫా దింపుతుండగానే, "ఇందులో ఎలుక చచ్చింది, జాగ్రత్తగా పట్టుకోండి," అనేవాడు. ఆ మాట ఎన్నడూ తప్పలేదు.

ఆయనకు పని నేర్పినవాళ్ళెవరూ లేరు. వయసులో ఉన్నప్పుడు పాత సామాను గోదాములో బరువులు మోసేవాడు. పారేయడానికి వచ్చిన కుర్చీల్ని తిండివేళ విప్పి చూసేవాడు. ఏ మేకు ఎటు వంగింది, ఏ స్ప్రింగును ఏ ముడి పట్టుకుంది, గుడ్డ ఎక్కడ మడిచి ఎక్కడ లాగారు, ఇదంతా విప్పుతూనే నేర్చుకున్నాడు. విప్పి నేర్చుకున్నవాడు గనక మోసం ఎక్కడ జరిగిందో కూడా ఆయనకు కనిపించేది. కుళ్ళిన స్పాంజి మీద కొత్త స్పాంజి. తెగిన పట్టీ మీద అట్టముక్క. చెదపట్టిన చెక్క మీద మఖమలు గుడ్డ. అలాంటి పని చేసినవాడు ఎదురుగా లేకపోయినా మేస్త్రి వాడి వంశాన్ని కడిగి ఆరేసేవాడు.

కుళ్ళిన దానిమీద కొత్త గుడ్డ వేయకూడదన్నది ఆయన పెట్టుకున్న ఒకే ఒక నియమం. ఊడబెరకాలి, దులపాలి, చెక్కదాకా శుభ్రం చేయాలి, ఆ తరవాతే కొత్తది. ఒప్పుకోనివాళ్ళ సోఫాను మళ్ళీ వాళ్ళ బండిలోకే ఎక్కించేవాడు.

లాడ్జి మేనేజరుతో అయిన గొడవ కూడా ఇదే. లాడ్జి ముందుగదిలో ఉండే సోఫాలన్నీ ఒకేసారి దింపించి, గుడ్డ మారిస్తే చాలన్నాడాయన.

"లోపల ఎవడు చూస్తాడు మేస్త్రీ?"

"కూర్చున్నవాడు చూస్తాడండీ."

"వాడి వీపుకు కళ్ళున్నాయా?"

"వీపుకు లేకపోతే మొహానికి ముక్కుంది. మీ ముందుగదిలో అగరొత్తులు అన్నేసి ఎందుకు కాలుస్తున్నారో నాకు తెలీదనుకున్నారా?"

మేనేజరు మొహం మాడింది. ఊళ్ళో ఇంకో షాపుకు వెళ్ళి, తిరిగి ఇక్కడికే వచ్చాడు. "సరే, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. కానీ అన్నీ ఒక్కసారే పట్టుకుపోతాను. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ పక్కపక్కన ఉంటే బాగుండదు," అన్నాడు. అలా ఆ సోఫాలన్నీ షాపులోనే ఉండిపోయాయి. అయినవాటికి ప్లాస్టిక్ పట్టా చుట్టి ఓ గోడకి, కానివాటిని ఇంకో గోడకి పెట్టాడు మేస్త్రి.

పని శుభ్రమేగానీ పనిచేసే తీరు మాత్రం శుభ్రమనడానికి లేదు. పనిలో కూర్చున్నాడంటే మేస్త్రి గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకునేవాడు. నాలుకతో ఒక్కో మేకునూ తిప్పి, తల ముందుకు వచ్చేట్టు పెదాల మధ్యకు తెచ్చి, సుత్తి మూతికి ఉన్న అయస్కాంతానికి అందించేవాడు. అక్కణ్ణుంచి ఒక్క దెబ్బలో గుడ్డలోకి. ఒక చెయ్యి గుడ్డను లాగి పట్టుకుని, ఇంకోటి సుత్తి పట్టుకుని ఉంటాయి గనక నోరే మూడో చెయ్యి. స్ప్రింగులు కట్టేటప్పుడు పురికొస చివరను ఎడమ దవడ పళ్ళ మధ్య ఇరికించి, తల వెనక్కి విరిచి ముడి బిగించేవాడు. దారానికి పట్టించే తేనెమైనం ముద్ద మోకాలి పక్కనే ఉండేది. మైనం రాసిన దారం జారదు, చీకిపోదు.

కుడివైపు దవడ పళ్ళు ఎప్పుడో పోయాయి. నొప్పి రాగానే పీకించేసుకోవడమే అప్పట్లో ఆయనకు తెలిసిన వైద్యం. నమలడానికైనా పురికొస లాగడానికైనా మిగిలింది ఎడమవైపు కింది పెద్ద దవడ పన్ను. అది కూడా ఒకరోజు సలపడం మొదలుపెట్టింది. చెంప పొంగి కన్ను మూసుకుపోయింది. పీకించుకుందామని బయల్దేరినవాడికి దారిలో తండ్రి గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో ముసలాయన నోట్లో ఒక్క పన్ను లేదు. రొట్టె నీళ్ళలో నానబెట్టి చప్పరించేవాడు, ఆ జావ గడ్డం మీదుగా చొక్కా మీదికి కారేది. ఇంట్లో అందరికంటే ముందు కంచం వదిలి లేచిపోయింది ఈ కొడుకే. అది తలుచుకునేసరికి పళ్ళ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి, "పీకొద్దు. బతికించండి," అన్నాడు.

ఆవిడ బతికించింది. పన్ను నడిమధ్య తవ్వి, కుళ్ళిన నరం తీసి, వేర్ల లోపల కడిగి, రూట్ కెనాల్ చేసింది. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. పైన ప్రస్తుతానికని మెత్తటి సిమెంటు పెట్టి, "ఇప్పుడు క్యాప్ వేయాలి మేస్త్రిగారూ. వచ్చేవారం రండి," అంది.

"క్యాప్ అంటే?"

"పన్ను మొత్తం మీద తొడుగు."

మేస్త్రి ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. అంతదాకా ఆవిడ పని చేస్తుంటే నోరు తెరుచుకుని పడుకుని ఆ చేతుల నేర్పు చూశాడు, లోపల మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పంతా ఒక్క మాటతో పోయింది.

"గలీబన్నమాట."

"గలీబు కాదండీ..."

"నాకు తెలుసులెండి, అమ్మా. నేనూ ఆ పనిలోనే ఉన్నాను. లోపలిది బాగుంటే పైన తొడుగెందుకు? తొడుగు కావాలంటున్నారంటే లోపలేదో బాగాలేదన్నమాట."

"లోపల శుభ్రంగా ఉంది. కానీ పన్ను డొల్లయింది. గోడలు పల్చగా ఉన్నాయి. మీరు నమిలినప్పుడల్లా..."

ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. బయటికొచ్చి, "పైపై గుడ్డలు కప్పే పని ఆస్పత్రుల్లోకి కూడా వచ్చిందా, ఛీ!" అనుకున్నాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మెత్తటి సిమెంటు కొన్నాళ్ళకే అరిగి ఊడిపోయింది. గుంత మిగిలింది. తిన్నదంతా అందులోకే పోయేది. మొదట్లో సూదిమొనతో గెలికి తీసేవాడు. విసుగొచ్చి ఓ పూట, మోకాలి పక్కనున్న మైనం ముద్దలోంచి గోటితో చిటికెడు గిల్లి, వేళ్ళతో ఉండచేసి, ఆ గుంతలో కుక్కాడు. సరిగ్గా సరిపోయింది. నాలుకతో తడిమితే నున్నగా ఉంది. తన తెలివికి తనే మురిసిపోయాడు. వదులైనప్పుడల్లా వేలు పెట్టి లాగి, ఇంకో చిటికెడు గిల్లి పెట్టుకోవడం అలవాటైపోయింది. పైనుంచి నున్నగా ఉంది కదా, కింద ఏముందో ఆలోచించలేదు. సోఫాల కింద ఏముందని జీవితమంతా ఆలోచించినవాడు ఆ ఒక్కటీ ఆలోచించలేదు.

ఇంట్లో తేడా ముందు తెలిసింది. ఆయన మాట్లాడుతుంటే భార్య లేచి కిటికీ తెరిచేది. పక్కమీద అటు తిరిగి పడుకునేది. ఎదురుగా కూర్చుని లెక్కగా కూర వడ్డించేది కాస్తా గిన్నె ముందు పెట్టి వంటింట్లోకి పోయేది.

"ఏమిటే, నన్ను చూస్తే పారిపోతున్నావు?"

"పొయ్యి మీద పాలున్నాయండీ."

"పొద్దున్నించీ పొంగుతూనే ఉన్నాయా ఆ పాలు?"

అసలు సంగతి చెప్పినవాడు ఆవిడ తమ్ముడు, సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ దిగాక బావ షాపులో కూర్చుని టీ తాగి పోవడం అతనికి అలవాటు. ఈమధ్య స్టూలు గుమ్మం దగ్గరికి జరుపుకుని కూర్చుంటున్నాడు.

"ఏరా, లోపలికి రా. గాలికి కొట్టుకుపోతావు."

"గాలి కోసమే ఇక్కడ కూర్చున్నా బావా."

"అంటే?"

"అంటే ఏముంది? రోజూ నా బస్సులో ఎన్ని నోళ్ళు మొహం మీదికొచ్చి చిల్లర అడుగుతాయో నీకు తెలీదు. వాటన్నిటినీ ఓర్చుకున్న ముక్కు ఇది. నీ దగ్గర మాత్రం చేతులెత్తేసింది. నిన్ను గనక మా బస్సెక్కిస్తే డ్రైవరు కూడా దిగిపోతాడు."

మేస్త్రి నవ్వబోయి, బావమరిది నవ్వడం లేదని గమనించి ఆగిపోయాడు.

"మీ అక్క చెప్పమందా?"

"అక్కెందుకు చెబుతుంది? అక్క మీద ఒట్టు, చెప్పలేదు. కానీ బావా, నువ్వు ఎలుక చచ్చిందని బండి దగ్గరే చెబుతావే, ఆ ముక్కు ఏమైంది?"

మేస్త్రి అరచెయ్యి నోటికడ్డం పెట్టుకుని ఊది, వాసన చూశాడు. ఏమీ తెలియలేదు. "నీకు పడిశం పట్టినట్టుంది, పో," అని కసిరాడు. కానీ ఆ పూట నోట్లో మేకులు పోసుకునే ముందు ఇంకోసారి ఊది చూసుకున్నాడు.

లాడ్జి సోఫాల్లో చివరిది మిగిలింది. దాన్ని విప్పినప్పుడు వచ్చిన కంపుకు మేస్త్రే బయటికి వెళ్ళి నిలబడాల్సి వచ్చింది. ఎవరో తాగినవాడు వాంతి చేసుకుంటే పైపైన తుడిచి, ఆ మరక మీదే దిండు పెట్టి వదిలేశారు. "మనుషులా వీళ్ళు! ఛీ, ఛీ!" అని తిట్టుకుంటూ చెక్కదాకా గీకి, కడిగి, ఎండబెట్టి, కొత్త పట్టీలు కొట్టాడు. స్ప్రింగులు నిలబెట్టి పురికొసతో కట్టడం మొదలుపెట్టాడు. మూల స్ప్రింగు మొండికేసింది. రెండు చేతులతో దాన్ని అణిచిపట్టి, పురికొస కొసను ఎప్పటిలాగే ఎడమ దవడలో ఇరికించి, మెడనరాలు లేచేట్టు వెనక్కి గుంజాడు.

ఎండిన కట్టె విరిగినట్టు చప్పుడైంది. స్ప్రింగేమో అనుకున్నాడు. స్ప్రింగు కాదు. నాలుక మీద గరుకుగా ఏదో పడింది. చేతిలోకి ఊశాడు.

పన్ను గోడ అది. పైన తెల్లగా, నిగనిగలాడుతూ ఉంది. వెనక్కి తిప్పితే నల్లగా ఉంది. దానికి అంటుకుని మైనం ముద్ద, మైనానికి కింద ఎప్పటిదో తెలియని తిండి, బూడిదరంగు ముద్దగా, మధ్యలో పురికొస పీచులు. మేస్త్రి దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పుడు తగిలింది వాసన. లాడ్జి సోఫాలోంచి వచ్చిన కంపు దీని ముందు ఏ మూలకూ రాదు. గుమ్మం దాకా పరిగెత్తి వీధి కాలువలో కక్కుకున్నాడు.

స్టూలు మీద కూర్చున్న బావమరిది లేచి వీపు నిమిరాడు. అతను కూడా ఆ ముక్కను చూశాడు. ఆ పూట జోకు వేయలేదు. "పద బావా," అన్నాడు అంతే.

డాక్టరమ్మ గదిలో కుర్చీ మీద పడుకోగానే మేస్త్రి కళ్ళు ఆ కుర్చీ చేతి మీద పడ్డాయి. రెక్సిన్ చిరిగినచోట టేపు అతికించి ఉంది. ఇంకోసారైతే ఊరుకునేవాడు కాదు. ఇప్పుడు నోరెత్తే మొహం లేదు. గుప్పిట్లో కాగితం పొట్లం కట్టి తెచ్చిన ముక్కను ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ మాస్కు మీదుగా ముక్కకేసీ, నోట్లోకీ చూసింది.

"లోపల ఇదేమిటి, మేస్త్రిగారూ?"

"మైనమండీ."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

ఆవిడ తిట్టలేదు. పక్కనున్న కిటికీ తెరిచి వచ్చి కూర్చుంది. ఆ తెరవడం చూసి మేస్త్రికి ఇంట్లో కిటికీ, భార్య అటు తిరిగిన వీపు, పొంగని పాలు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. తిట్టినా బాగుండుననిపించింది.

"పన్ను ఉంటుందాండీ?"

"విప్పి చూస్తేగానీ చెప్పలేను. చీలిక వేరు దాకా దిగిందంటే పీకడం తప్ప దారి లేదు. పైనే ఆగిందంటే చూద్దాం."

ఆ మాట మేస్త్రి ఎంతమందితో అన్నాడో. తను పడుకుని ఆ మాట వినడం మాత్రం ఇదే మొదలు.

"ఒక మాటండీ. అద్దం ఇవ్వండి. చూస్తాను."

"వద్దులెండి, బాగుండదు."

"బాగుండదనే చూస్తానంటున్నాను."

ఆవిడ చేతికి అద్దమిచ్చింది. మేస్త్రి చూశాడు. మిగిలిన గోడల మధ్య మైనం పాచిపట్టి ఆకుపచ్చగా తిరిగి ఉంది. ఆవిడ కొక్కెం సూదితో దాన్ని లాగుతుంటే తీగలు సాగింది. దాని వెనకాలే మెత్తగా, జున్నులా, ఇంకేదో వచ్చింది. ఒక పొర తీస్తే కింద ఇంకో పొర. ప్రతి పొరకూ ఒక కొత్త కంపు. చిగురు నొక్కితే పక్కనుంచి చీము బొట్టు జారింది. ఆయన అద్దం దించలేదు. ఊరందరి సోఫాలనూ ఛీకొట్టిన నోరు ఇదేనని, లోపల ఇన్నాళ్ళూ దీన్ని పెట్టుకుని ఆ మాట అన్నానని అనుకుంటూ చివరిదాకా చూశాడు.

కడిగి, ఆరబెట్టి, చీలిక కనబడేట్టు నీలిరంగు మందు రాసి, దీపం పెట్టి ఆవిడ చాలాసేపు చూసింది. గడ్డం మీదుగా కారే జావ మేస్త్రి కళ్ళముందు ఆడింది.

"అడుగు పగల్లేదు," అంది చివరికి. "ఒక పక్క గోడ పోయింది. మిగతా మూడు వైపులా చిగురు పైన గట్టి పన్నుంది. అది చాలు. వేర్లు మళ్ళీ మొదట్నుంచి శుభ్రం చేయాలి, మీ మైనం కిందనుంచి మురికి లోపలికి దిగింది. మొత్తం శుభ్రమయ్యాక మధ్యలో సిమెంటు పోసి నిలబెట్టి, అప్పుడు..." ఆవిడ ఆగింది. "అప్పుడు మీరు గలీబన్నారే, అది."

మేస్త్రి నోట్లో దూది ఉంది. చెయ్యెత్తి ఆగమన్నాడు. దూది తీయించుకుని అడిగాడు.

"ప్రతి పన్నుకీ వేస్తారా అది?"

"ఎందుకేస్తాను? చిన్న పుచ్చుకు సిమెంటు చాలు. ముందు పన్నుకు రూట్ కెనాల్ చేసినా, పన్ను చాలావరకు మిగిలి ఉంటే తొడుగు లేకుండా వదిలేయొచ్చు. దవడ పన్ను సంగతి వేరు. బరువంతా దానిమీదే. సగానికి పైగా పోయినా, బీట పడినా, లోపల తవ్వి డొల్ల చేసినా, గోడలు పల్చబడతాయి. పైనుంచి నొక్కినప్పుడల్లా అవి బయటికి విచ్చుకుంటాయి. ఏదో ఒకరోజు చీలుతుంది. క్యాప్ వేసేది అందం కోసం కాదు, మురికి దాచడానికీ కాదు. చుట్టూ పట్టి ఉంచడానికి."

మేస్త్రికి షాపులో చెక్క చెక్కే ఉలి గుర్తొచ్చింది. కొయ్యపిడి మీద సుత్తి దెబ్బలు పడతాయి గనక తలచుట్టూ పొన్ను అని ఇనప కట్టు వేస్తారు. పొన్ను లేని పిడి నాలుగు దెబ్బలకు నిలువునా చీలుతుంది. ఆయన సొంత చేతులతో ఎన్ని పిడులకు వేసుకోలేదు! పిడి కుళ్ళిపోయిందని వేశాడా? దాచడానికి వేశాడా?

"గలీబు కాదన్నమాట. ఉలికి వేసే పొన్ను," అన్నాడు.

"ఉలి సంగతి నాకు తెలీదు. చీలకుండా వేసేదే అయితే అదే ఇది."

"ఆ మొదటిరోజే ఇలా చెప్పుంటే..."

"చెప్పబోయాను. మీరు చెప్పులేసుకున్నారు."

పని సాగింది. వెళ్ళిన ప్రతిసారీ కొంత కంపు తగ్గింది. నోరు శుభ్రమయ్యేకొద్దీ మేస్త్రికి తిండి మీద అసహ్యం పెరిగింది. రొట్టె నమిలి మింగితే ఎక్కడ ఏ సందులో ఏం మిగిలిందోనని లేచి వెళ్ళి పుక్కిలించేవాడు. బస్సులో ఎదుటివాడు నవ్వితే వాడి పళ్ళ మధ్య పసుపు గారే కనిపించేది. బావమరిది నవ్వితే, "ఆ కుడిపక్కది చూపించుకో, నల్లబడింది," అనేవాడు. "నీ నోరు బాగుపడితే మా నోళ్ళ మీద పడ్డావేమిటి బావా," అని అతను పెదాలు మూసుకుని టీ తాగేవాడు.

ఇంత జరిగినా తొడుగు మీద అనుమానం పూర్తిగా పోలేదు. చెప్పడం ఎవరైనా బాగానే చెబుతారు, మాటల్లో ఎన్ని సోఫాలు గట్టిగా ఉండవు! చివరి పని ఎలా చేస్తుందో చూడాలనుకున్నాడు.

పన్ను చుట్టూ చెక్కి, అచ్చు తీసి పంపాక, క్యాప్ తయారై వచ్చిన రోజు డాక్టరమ్మ దాన్ని పన్ను మీద పెట్టి చూసింది. మేస్త్రి అద్దంలో చూశాడు. రంగు కలిసింది. పక్క పన్నుకు అంటుకుని నిలబడింది. నాలుకతో తడిమాడు, నున్నగా ఉంది. ఇక అతికించడమే తరవాయి అనుకున్నాడు. ఆవిడ మాత్రం కొక్కెం సూది తీసుకుని చిగురు దగ్గర అంచు వెంట మెల్లగా లాగింది. ఒక చోట సూది టక్కున తట్టుకుంది. వెనక్కి తెచ్చి మళ్ళీ లాగింది. మళ్ళీ అక్కడే తట్టుకుంది.

ఆవిడ క్యాప్ తీసేసి పళ్ళెంలో పెట్టింది.

"ఇది వేయను."

"ఏమైందండీ? బాగానే ఉందిగా?" అన్నాడు మేస్త్రి. అన్న వెంటనే ఆ మాట షాపుకొచ్చేవాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నాడో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

"పైకి బాగానే ఉంది. ఒక చోట అంచు సరిగ్గా కూర్చోలేదు. వెంట్రుకవాసి సందు. సిమెంటు పెడితే మూసుకుపోతుంది, మీకు తెలియనైనా తెలియదు. తరవాత ఆ సిమెంటు కరిగి లోపలికి మురికి పోతుంది. తొడుగు కింద కుళ్ళుతుంది. మళ్ళీ అచ్చు తీస్తాను, మీకు కుదురుతుందా?"

కుదురుతుందా అని అడగడం ఎందుకు! మేస్త్రి పడుకున్నచోటే రెండు చేతులూ జోడించాడు. మాటలతో కాదు, ఆ సూది తట్టుకున్న చప్పుడుతో ఆయనకు నమ్మకం కుదిరింది. వచ్చిన రెండో క్యాప్ అంచు వెంట సూది నీళ్ళ మీద నడిచినట్టు నడిచింది. నీలం కాగితం కొరికించి, ఎత్తుగా తగిలిన చోట అరగదీసి, ఆరబెట్టి అతికించింది.

"ఇక మేకులు నోట్లో పెట్టొద్దు. పురికొస లాగొద్దు. పన్ను తినడానికి."

"చిత్తం."

"ఇంకోటి. తొడుగు ఉంది కదాని తోమకుండా ఊరుకుంటే అంచు కింద మళ్ళీ పుచ్చుతుంది."

"అది నాకు చెప్పక్కర్లేదండీ," అన్నాడు మేస్త్రి. కుర్చీ దిగి, చేతి మీద అతికించిన టేపును గోటితో లేపి చూశాడు. "దీని సంగతి కూడా చూద్దాం. ఇంత చేసి, ఇదేమిటండీ, ఛీ!"

ఇంటికెళ్ళి గట్టి రొట్టె ముక్క ఎడమ దవడతో నమిలాడు. భార్య ఎదురుగా కూర్చుంది. పొయ్యి మీద పాలేమీ లేవు.

"ఊదండి చూస్తాను," అంది.

"సిగ్గులేదే నీకు?"

"ఇన్నాళ్ళూ ఓర్చుకున్నదాన్ని, నాకేం సిగ్గు? ఊదండి."

ఊదాడు. ఆవిడ కిటికీ వైపు చూడలేదు. "బతికిపోయాం," అని కూర వడ్డించింది.

మర్నాడు షాపు తీశాడు. లాడ్జి మేనేజరు బండి తెస్తానని కబురు చేశాడు. పళ్ళ పని మధ్యలో తీరినప్పుడల్లా చేసుకుంటూ వచ్చిన చివరి సోఫాకు వెనక గుడ్డ కుట్టడమొక్కటే మిగిలింది. మేకులకు ఓ రేకు డబ్బా పెట్టుకున్నాడు. వంకర సూదికి దారం ఎక్కించి, మైనం పట్టిద్దామని ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.

ముద్ద ఒక వైపంతా గోటిగాట్లు. చిటికెడు చిటికెడుగా గిల్లిన గుంతలు. ఒక గుంతలో ఎండిపోయి పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది.

మేస్త్రి చెయ్యి అక్కడే ఆగిపోయింది. నోట్లోంచి పాత ఉండ లాగిన వేలు, అదే తడి వేలు, కడగకుండా ఈ ముద్ద మీదికే వచ్చేది. గిల్లాక ఇదే మైనాన్ని దారానికి రాశాడు. ఆ దారంతోనే కుట్టాడు. తలెత్తి గోడవైపు చూశాడు. ప్లాస్టిక్ పట్టాలు చుట్టుకుని లాడ్జి సోఫాలు నిగనిగలాడుతున్నాయి. చెక్కదాకా గీకి, కడిగి, కొత్త స్పాంజి పరిచిన సోఫాలు. ఎవడి మురికీ మిగలకుండా తీసి, అంచుల వెంట తన నోటి మురికి కుట్టిపెట్టాడు.

"ఛీ," అన్నాడు. ఈసారి ఒక్కసారే అన్నాడు.

ముద్దను కాగితంలో చుట్టి వీధి చెత్తకుండీలో పడేసి వచ్చాడు. చేతులు సబ్బుతో కడిగి, మళ్ళీ కడిగాడు. మొదటి సోఫాకు చుట్టిన పట్టా విప్పి, బోర్లించి, కత్తిమొనతో కుట్టు పట్టుకుని లాగాడు. మైనం రాసిన దారం గట్టిది, సులువుగా రాలేదు.

బండి గుమ్మం ముందు ఆగింది. మేనేజరు దిగి లోపలికి వచ్చి, సోఫాలు బోర్లపడి, కుట్లూడి, వెనక గుడ్డలు వేలాడుతుండటం చూసి నిర్ఘాంతపోయాడు.

"ఇదేమిటి మేస్త్రీ! నిన్న షాపు కిటికీ అద్దంలోంచి చూసి వెళ్ళాను, ఒక్కటి తప్ప అన్నీ తయారుగా ఉన్నాయి. బాగానే ఉన్నాయిగా, మళ్ళీ ఎందుకు విప్పావు?"

"పైకి బాగానే ఉన్నాయండీ."

"మరి?"

మేస్త్రి చెప్పడానికి నోరు తెరిచి, మేనేజరు కళ్ళు ఆ తెరిచిన నోటికేసి వెళ్ళడం చూసి మూసుకున్నాడు.

"బండి వెనక్కి పంపించేయండి. కుట్లన్నీ మళ్ళీ వేయాలి," అన్నాడు. ఊడదీసిన దారాన్ని రెండు వేళ్ళ చివరలతో, చచ్చిన ఎలుకను తోకపట్టి తీసినట్టు ఎత్తి, దూరంగా పట్టుకుని చెత్తబుట్టలో వేశాడు.